మునావర్ పెట్టిన లీగు

పని చేసి అలిసిన మనిషికి నిద్ర పడుతుంది. పని లేక అలిసిన మనిషికి అదీ పట్టదు. సకల జనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు నిలిచిపోయాక కోరుట్ల డిపో కండక్టరు మంజులకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. పొద్దంతా నిలబడి, ఊగుతూ, జనం మధ్య ఈదుకుంటూ టికెట్లు కొట్టిన మనిషి ఆమె. ఇప్పుడు డిపో గేటు ముందు వేసిన శిబిరంలో కింద పరిచిన పరదా మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడమే డ్యూటీ. పొద్దున పోవాలి, నినాదాలివ్వాలి, నిన్న విన్న ఉపన్యాసాన్నే ఇవాళ ఇంకొకరు చెబితే చప్పట్లు కొట్టాలి, పొద్దుగూకితే నడుం పట్టుకుని ఇంటికి రావాలి. గేటు లోపల బస్సులు వరసగా నిలబడి దుమ్ము కొట్టుకుపోతున్నాయి. వాటి వంక చూడకుండా కూర్చోవడానికి ఆమె రోజూ జాగా వెతుక్కునేది.

తెలంగాణ కావాలని ఆమెకు లేక కాదు. నలుగురికంటే ఓ పిడికెడు ఎక్కువే ఉంది. కానీ జీతం ఆగింది, సింగరేణిలో బొగ్గు ఆగిందని కరెంటూ ఆగింది, సిరిసిల్లలో మరమగ్గాల సాంచలు ఆగి నేతన్నలు అరుగుల మీద కూర్చున్నారు. ఇంకెన్నాళ్లో ఎవరికీ తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్లు మాత్రం శిబిరం నిండా ఉన్నారు.

మంజులది ఎల్లంతకుంట దగ్గరి పల్లె. అమ్మ సాయమ్మ, నాయన సాంబయ్య ఒకరి చేనులో కాకపోతే ఒకరి చేనులో కూలికి పోయినవాళ్లే తప్ప, తమదని చెప్పుకునే గుంట భూమి ఎరగరు. ఆ ఇంట్లోంచి సర్కారు ఖాకీ తొడిగిన మొదటి మనిషి మంజుల. ఆడవాళ్లను కండక్టర్లుగా తీసుకున్న కొత్తలో ఉద్యోగం వచ్చింది. వచ్చాక తెలిసింది, ఉద్యోగం వేరు, జోడీ దొరకడం వేరని. బస్సుకు ఒక డ్రైవరు, ఒక కండక్టరు. ఆడ కండక్టరుతో జోడీ అంటే డ్రైవర్లు ఆమడ దూరం జరిగేవాళ్లు. తాగినోడు ఎక్కితే తగువెవరు తీర్చాలి, నడిరోడ్డు మీద బస్సు చెడిపోతే ఈమెకు కాపలా ఎవరుండాలి అని వాళ్ల గోల. అప్పుడు మునావర్ అనే డ్రైవరు లేచి, "టికెట్లు కొట్టుడు చేతుల పని, మీసాల పని గాదు. నేను తోల్త" అన్నాడు. డిపో అంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే బండి.

మునావర్‌కు క్రికెట్ అంటే ప్రాణం. స్టీరింగు పట్టుకుని రేడియో వినే వీలు లేదు కాబట్టి, మ్యాచ్ ఉన్న రోజు మంజుల తన ఫోనులోని రేడియో తీగ ఓ చెవిలో పెట్టుకుని టికెట్లు కొట్టేది. బస్సు ఆగినప్పుడల్లా, "స్కోరెంత చెల్లె?" అని అతను, "ఇద్దరు పోయిండ్రన్నా" అని ఆమె. మొదట్లో ఎవరు పోయారో, ఎందుకు పోయారో ఆమెకు ఓనమాలు తెలియవు. వినగా వినగా తెలిసింది. తెలిశాక పిచ్చి పట్టింది. మునావర్ కంటే ముందు ఆమే బ్యాట్స్‌మన్‌ను తిట్టేది. ముందు సీట్లో కూర్చున్న ముసలవ్వలు, ఇంట్లో మొగుడితో పడదేమో పాపం అనుకునేవాళ్లు.

సమ్మె మొదలైన రెండో వారంలో మునావర్ ఒక తప్పు చేశాడు. తప్పని శిబిరం అన్నది. ఒప్పని ఎవరూ అనలేదు. ఇంట్లో నలుగురు పిల్లలు, తల్లి హఫీజా బేగం రోజూ చక్కెర జబ్బుకు సూది వేసుకోకపోతే లేవలేదు. బామ్మర్ది జీపు ఖాళీగా ఉంటే దాన్ని తీసి కోరుట్ల నుంచి సిరిసిల్లకు జనాన్ని తిప్పడం మొదలుపెట్టాడు. బస్సులు ఆపి కూర్చున్న డ్రైవరు జీపు తోలితే సమ్మె ఎవరి మీద చేస్తున్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు లేదు. కడుపుకూ జవాబు లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సిరిసిల్లలో మంజుల అక్క నర్సక్కకు గర్భసంచి ఆపరేషన్ అయింది. చూడటానికి పోవాలి. బస్సు లేదు. కథలాపూర్ రోడ్డు మీద గంటసేపు నిలబడితే వచ్చి ఆగింది మునావర్ జీపే. ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎక్కు చెల్లె, అక్క తానికేనా?" అన్నాడు అతను. దుమ్ముకు కొంగు మొహానికి చుట్టుకుని వెనక మూలకు కూర్చుంది. అలాగే నోరు మూసుకుని కూర్చుంటే ఈ కథే లేదు.

కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మంజులకు పుట్టుకతో వచ్చింది కాదు గాని, డిపోలో వచ్చిన బుద్ధి కూడా అంతే. జీపులో జనం గంపలోని కోళ్లలా ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఒకడు కాళ్లు బార చాపుకుని ఇద్దరి జాగా తింటున్నాడు. ఓ ముసలామె రాడ్డు పట్టుకుని వేలాడుతోంది. కిరాయి ఎంతని ఒకడు, ఎంతైతే ఏంది అని ఒకడు కొట్లాడుతున్నారు. మంజుల కాసేపు ఓర్చుకుంది. ఇంకాసేపు ఓర్చుకుంది. తరువాత ఏమైందో ఆమెకే తెలియదు.

"ఓ అన్నా, కాళ్లు దగ్గరికి తీయి, గిది నీ అత్తగారిల్లా? అవ్వా, నువ్వు గీడ కూసో. సంచి పైకెక్కియ్యి. చిల్లర ఎవలి తాన ఉన్నది, చేతుల పట్టుకోండ్రి!"

ఒక్క నిమిషంలో జీపు సద్దుమణిగింది. కిరాయి వసూలు చేసి మునావర్‌కు అందించింది. రుద్రంగిలో ఇద్దరు దిగి నలుగురు ఎక్కారు. మంజుల సగం బయటికి వంగి జీపు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, గొంతెత్తి, "రైట్ రైట్!" అంది. మునావర్ కాలు దానంతటదే క్లచ్ మీది నుంచి లేచింది. కొంత దూరం పోయాక అద్దంలో చూసి పడీపడీ నవ్వాడు. ఎన్ని రోజుల తరువాతో మంజుల కూడా నవ్వింది. ఆ గంటసేపు ఆమెకు అలసట లేదు.

రుద్రంగి చౌరస్తాలో చాయ్ తాగుతున్న ఇద్దరు డిపో మనుషులకు ఆ కేక వినబడింది. మునావర్‌ను చూశారు. కేక వేసిన ఆడమనిషి మొహం కొంగు చాటున ఉంది.

మర్నాడు శిబిరంలో పంచాయితీ పెట్టారు. శిబిరం పెత్తనమంతా సంజీవ్‌ది. అతనూ కండక్టరే, ఉద్యమం కోసం లాఠీ దెబ్బలు తిన్నవాడు, ఆ దెబ్బల సంగతి మర్చిపోనివ్వనివాడు. మునావర్‌ను నిలబెట్టి అడిగాడు.

"జీపు తోలినవా లేదా?"

"తోలిన."

"గా జీపుల రైట్ రైట్ అన్నది ఎవలు?"

మంజుల ఆడవాళ్ల వరసలో కూర్చుని ఉంది. తేలు కుట్టిన దొంగకు నొప్పి ఉంటుంది, అరవడానికుండదు. మునావర్ ఆమె వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"మా ఇంటామె. ఫౌజియా."

జనం గొల్లుమన్నారు. "మీ ఇంటామెకు రైట్ రైట్ అనుడు ఎట్లొచ్చింది మల్ల?"

"నిద్రల నేను దినాం గదే అంట. ఇని ఇని నేర్చుకున్నది" అన్నాడు మునావర్. ఈసారి సంజీవ్‌కు కూడా నవ్వాగలేదు. కానీ నవ్వు నవ్వే, శిక్ష శిక్షే. జీపు బంద్ పెట్టాలి, సమ్మె అయిపోయేదాకా అతనితో ఎవరూ మాట్లాడకూడదు అని తీర్మానించారు. మునావర్ సరేనని తలూపి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. అతను అలా ఒంటరిగా పోతుంటే మంజుల లేవాలనుకుంది. లేవలేదు. ఎన్ని మాటలు పడితే ఆ వరసలో ఆమెకు కూర్చునే జాగా దొరికిందో ఆమెకు తెలుసు. జోడీ దొరకని ఆడ కండక్టరును ఇప్పుడు డిపో అంతా 'అక్కా' అంటోంది, మైకు చేతికిస్తోంది. ఆ జాగా వదులుకోలేకపోయింది.

శిబిరంలో ముందు పేక ముక్కలతో పత్తాలాట నడిచేది. ఒక విలేకరి ఫోటో తీయబోయేసరికి పెద్దలు పత్తాలు లాక్కున్నారు. అప్పుడు సంజీవ్ కొత్త ఆట తెచ్చాడు. అదేదో ఇరవై ఓవర్ల టోర్నమెంటు మొదలవుతోంది. ఇంటర్నెట్టులో ఎవరికి వాళ్లు పదకొండు మంది ఆటగాళ్లను ఏరుకుని టీము కట్టుకోవాలి. అసలు మ్యాచ్‌లో వాళ్లు ఎట్లా ఆడితే మనకట్లా పాయింట్లు. ఊరూపేరూ తెలియని లక్షల మందితో కాకుండా మనవాళ్లతోనే పోటీ కావాలంటే ప్రైవేటు లీగు పెట్టుకోవచ్చు. దానికో కోడ్ నంబరు ఉంటుంది, అది ఎవరికి ఇస్తే వాళ్లే చేరగలరు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సమ్మె మనుషులందరికీ కలిపి సంజీవ్ 'మూడు డిపోల లీగు' పెట్టాడు. పైసల ఆట కాదు. రోజూ పొద్దున నినాదాలయ్యాక ఎవరు ఏ స్థానంలో ఉన్నారో మైకులో చదువుతాడు.

మునావర్ కూడా కోడ్ అడిగాడట. పిల్లాడితో అడిగించాడు అనాలి, తనతో డిపోవాళ్లెవరూ మాట్లాడకూడదు కదా. సంజీవ్ ఇవ్వనన్నాడు. రెండు రోజులకు ఇంకో కబురు వచ్చింది, మునావర్ తనే వేరే లీగు పెట్టాడని. "పెట్టుకోనీ. గా దాంట్ల ఎవలు చేరుతరో చూస్త. మన దాంట్ల పేరు లేనోళ్లు ఎవలో మైకుల చదివేటప్పుడు తెలువదా?" అన్నాడు సంజీవ్.

ఆ సాయంత్రం మంజుల ఫోనుకు సందేశం వచ్చింది. మునావర్‌కు తెలుగు కొట్టడం రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. 'చెల్లె, లీగు పెట్టిన. కోడ్ గిది. వీలైతె రా. రాకున్నా ఏమనుకోను.'

రాకున్నా ఏమనుకోను అన్నవాడే ఎక్కువ అనుకుంటాడని ఎవరికి తెలియదు? మంజుల ఆ కోడ్‌ను కాగితం మీద రాసి పెట్టుకుంది. మర్నాడు మధ్యాహ్నం ఇంటర్నెట్ సెంటరుకు పోయింది. దాన్ని నడిపే జుబేర్ ఆమె బస్సులో కాలేజీకి పోయినవాడే. కరెంటు లేదు, ఇన్వర్టరు మీద ఒక్క కంప్యూటరు నడుస్తోంది. పదకొండు మందిని ఏరుకోవడం ఆమెకు నిమిషాల పని. ఎవరు ఎండిన పిచ్ మీద తేలిపోతారో, ఎవరు చివరి ఓవర్లో వణుకుతారో మునావర్‌తో ఎన్నిసార్లు వాదించిందో. ఆ మాటలే చెవిలో మోగుతుంటే వేలు ఆడింది. టీము అయిపోయింది.

"ప్రైవేటు లీగు కోడ్ కొట్టుండ్రి ఆంటీ" అన్నాడు జుబేర్.

"రెండు కొట్టరాదా?"

"రాదు. ఒక్క మనిషికి ఒక్క టీము, ఒక్క టీముకు ఒక్కటే లీగు. ఒకపారి చేరితే మల్ల మారరాదు."

"గట్లెందుకు పెట్టిండ్రు?"

"నన్నడిగి పెట్టిండ్రా?" అన్నాడు జుబేర్. అప్పుడే ఇన్వర్టరు కుయ్‌మని మొత్తుకోవడం మొదలుపెట్టింది. "జల్ది ఆంటీ, ఐదు నిమిషాలల్ల బందైతది."

మంజుల కీబోర్డు వంక చూస్తూ కూర్చుంది. చూడబోతే ఎంత చిన్న పని. ఆట వస్తువు. పిల్లలు గోలీలాడినట్టు. అందులో ఎటు చేరితే ఏంటి, చేరకపోతే ఏంటి? కానీ రేపు పొద్దున మైకులో పేర్లు చదివేటప్పుడు మంజుల పేరు రాకపోతే ముందు తలలు తిరుగుతాయి. తరువాత ఎవడో ఒకడు అంటాడు, రుద్రంగిలో విన్న గొంతు ఈమెది కాదు కదా అని. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారట. ఉలిపికట్టె కావడానికి కూడా ఓపిక ఉండాలి. ఆమెకు లేదు. కూర్చుని కూర్చుని, అరిచి అరిచి, జీతం లేక, నిద్ర లేక, ఎవరికి ఎదురు చెప్పాలన్నా నాలుక ఎత్తలేనంత అలసట.

మనసుకు ఓ సాకు కూడా దొరికింది. అలిసిన మనసుకు సాకులకు కరువా? మునావర్ అన్నకు బలగం పెద్దది. బామ్మర్దులున్నారు, గల్ఫ్‌లో దోస్తులున్నారు, మసీదు గల్లీ పిల్లలంతా క్రికెట్ పిచ్చోళ్లు. వాళ్లందరూ ఈపాటికి చేరే ఉంటారు. అంతమందిలో తనొక్కతి లేకపోతే కనిపిస్తుందా?

మూడు డిపోల కోడ్ కొట్టింది. తెర మీద 'స్వాగతం' అని వచ్చింది. దాని వెంబడే కంప్యూటరు ఆరిపోయింది.

మర్నాడు మైకులో ఆమె పేరు వచ్చింది. చప్పట్లు కొట్టారు. "అక్కకు క్రికెట్ గూడ అచ్చునా!" అని కుర్ర డ్రైవర్లు ఆశ్చర్యపోయారు. బాగానే ఆడింది, ఒకరోజు మూడో స్థానానికి కూడా వచ్చింది. వచ్చిన రోజు సంతోషం ఎవరితో పంచుకోవాలో తెలియలేదు. ఆ బౌలర్‌ను ఎందుకు ఏరుకుందో చెబితే అర్థమయ్యే మనిషి ఆ శిబిరంలో ఒక్కడు లేడు. వాళ్లకు పాయింట్లు కావాలి, ఆట అక్కర్లేదు. ఒకనాడు కూరగాయల అంగడిలో మునావర్ ఎదురయ్యాడు. మంజుల నోరు తెరవబోయింది. అతను చుట్టూ చూసి, తల వంచుకుని పక్క గల్లీలోకి తిరిగాడు. తనతో మాట్లాడితే ఆమెకు మాట వస్తుందని తిరిగాడు. అది ఆమెకు అర్థమైంది, అర్థమై ఇంకా సిగ్గేసింది. వంకాయలు తూకం వేయించుకుని సంచి అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చింది.

టోర్నమెంటు అయిపోయింది. బతుకమ్మ, దసరా చీకట్లోనే వెళ్లిపోయాయి. ఇంకొన్ని రోజులకు ఆర్టీసీ సమ్మె విరమించారు. తెలంగాణ రాలేదు గాని బస్సులు రోడ్డెక్కాయి. గెలిచినట్టా ఓడినట్టా అని ఎవరూ ఎవరినీ అడగలేదు. శిబిరం పరదాలు విప్పి మడతపెట్టారు. డ్యూటీ చార్టులో పాత జోడీలే వేశారు. మంజుల, మునావర్, సిరిసిల్ల బస్సు.

మొదటి ట్రిప్పులో కథలాపూర్ దాటారు. రుద్రంగిలో చాయ్‌కు ఆపాడు. జనం దిగి హోటలు వైపు పోయారు. మంజుల గ్లాసు పట్టుకుని అతని పక్కకొచ్చి నిలబడింది. ఎలా మొదలుపెట్టాలో దారి పొడవునా అనుకున్నదంతా మర్చిపోయింది.

"అన్నా, రేపు గేటు మీటింగుల నేనే చెప్త. జీపుల ఉన్నది నేనే అని చెప్త."

మునావర్ తల అడ్డంగా ఊపాడు. "అద్దు చెల్లె. ఫౌజియా అని పది మందిల చెప్పిన. ఇప్పుడు నువ్వు లేచి నేనంటె నేను అబద్ధమాడినట్టయితది."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ దారీ మూసుకుపోయింది. ఆమె సర్దుకుందామని చేయి చాచిన చోటల్లా అతను ముందే ఆమె కోసం ఏదో ఒకటి చేసి పెట్టి ఉన్నాడు. తిట్టినా బాగుండేది. నాలుగు తిట్లు తింటే కాళ్లు పట్టుకుని ఏడ్చి బయటపడేది. మాట మార్చడానికి అడిగింది.

"నీ లీగుల ఎవలు గెలిసిండ్రన్నా?"

"నేనే."

"మస్తు మంది చేరిండ్రా?"

మునావర్ చాయ్ ఊదుకున్నాడు. "ఇద్దరికే పెట్టిన చెల్లె. లీగు పెట్టంగ ఎంతమందికని అడుగుతది గద, రెండు కొట్టిన. మనిద్దరికే. బామ్మర్ది అడిగిండు, జాగ లేదన్న. దోస్తులడిగిండ్రు, నిండిందన్న."

మంజుల తాగని గ్లాసు పక్కన పెట్టింది.

"మరి నేను రాకపోతి గద?"

"రాలె. నీ ఇబ్బంది నీకుంటది, నాకు తెల్వదా? అయినా దినాం పోయి చూసేటోన్ని. ఆఖరి మ్యాచ్ దాంక చూసిన." అతను గ్లాసు బల్ల మీద పెట్టి, ఆమెను నవ్విద్దామని ఓ నవ్వు నవ్వాడు. "నేను ఫస్టచ్చిన. నీ ఖాళీ జాగ సెకండచ్చింది."

ఆమెకు నవ్వు రాలేదు. చీర మీది ఖాకీ కోటు చేతిని నోట్లో కుక్కుకుని, ఆ హోటలు ముందు, జనం చూస్తుండగానే ఏడ్చింది. దిగిన జనం ఒక్కొక్కరే వచ్చి బస్సెక్కుతూ, సమ్మెలో ఈమె ఇంట్లో ఎవరో పోయినట్టున్నారని గుసగుసలు పోయారు.